రైతు దేహదారుఢ్యము: ఏ అంగము తక్కువో చూచుకొనుట

(బుచ్చిరెడ్డిపాలెములో రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



ఒంగోలు కోడెను కొనబోయిన రైతు దాని ఒడ్డూ పొడుగూ చూచి మాత్రమే బేరమాడడు. నోరు తెరచి పండ్లు చూచును. గిట్టలు చూచును. నాలుగడుగులు నడిపించి నడక చూచును. కాడి కట్టి కొంతదూరము లాగించి, రొప్పు ఎంతసేపటికి తగ్గునో కనిపెట్టును. ఒక్క గుణము చాలదని మీకు బాగుగా తెలియును. మన ఒంటి విషయము వచ్చునప్పటికి మాత్రము, "నాకేమి, ఇప్పటికీ బస్తా భుజాన వేసుకొని పోగలను" అని ఒక్క మాటతో తేల్చివేయుదుము. బస్తా ఎత్తుట బలము. దేహదారుఢ్యములో బలము ఒక అంగము మాత్రమే.

ఆరోగ్యమునకు కావలసిన దారుఢ్యమును శాస్త్రజ్ఞులు అయిదు అంగములుగా చెప్పుదురు: దమ్ము, కండబలము, కండల ఓర్పు, కీళ్ల వంపు, ఒంటిలో కొవ్వు కండల పాళ్లు. గట్లమీద నడచు మనకు ఆరవదిగా నిలకడను కూడ చేర్చుకొనవలెను. ఒక్కొక్కటి యేమో, ఇంటివద్దనే ఎట్లు పరీక్షించుకొనవచ్చునో చెప్పెదను.

1. దమ్ము: గుండె, ఊపిరితిత్తులు కలసి కండలకు ప్రాణవాయువును ఎడతెగక అందించు శక్తియే దమ్ము. చెడుగుడులో కూతకు పోయివచ్చి, కొద్దిసేపటిలోనే మరల పోగలవానికి దమ్మున్నది. వడిగా నడచుచు పక్కవానితో మాటలాడి చూడుడు. మాట సాగి పాట సాగకున్నచో అది మీకు తగిన వడి. మామూలు నడకకే మాట తెగుచున్నచో దమ్ము తగ్గినదని తెలిసికొనవలెను.

2, 3. బలము, ఓర్పు: ఈ రెండును ఒకటి కావు. 50 కిలోల బస్తాను ఒక్కమారు ఎత్తుట బలము. మన నెల్లూరు పుట్టి ధాన్యము, అనగా 850 కిలోలు, పదునేడు బస్తాలుగా లారీకెత్తుట ఓర్పు. కాళ్లను పరీక్షించుటకు కుర్చీ చాలును. దానిని గోడకానించి, చేతులు రొమ్ముమీద కట్టుకొని, అరనిమిషములో ఎన్నిమార్లు పూర్తిగా లేచి కూర్చుండగలరో లెక్కింపుడు. 60 నుండి 64 ఏండ్లవారిలో పురుషులు 14, స్త్రీలు 12 మార్లకు తగ్గినచో కాళ్లసత్తువ చాలదన్నమాట.

4. వంపు: కీలు తిరుగవలసినంత మేర తిరుగుటయే వంపు. చేతులు రెండును పైకెత్తి చెవులకానించగలరా? మోకాళ్లు కొద్దిగా సడలించి ముందుకు వంగినపుడు వ్రేళ్లు ఎంతవరకు అందుచున్నవి? బలవంతపెట్టక చూచుకొనవలెను.

5. పాళ్లు: కాటా తూకము చెప్పును గాని, ఆ తూకములో కొవ్వెంతో చెప్పదు. కాళ్లు చేతులు సన్నముగానుండి పొట్ట మాత్రము పెరుగుట మనవారిలో తరచుగా చూచుచున్నాము. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. దాటినచో మధుమేహము, రక్తపుపోటు వచ్చు అవకాశము హెచ్చు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన సర్వే ప్రకారము దేశములో పెద్దవారిలో నూటికి సుమారు 11 మందికి మధుమేహమున్నది. అది పల్లెలను విడిచిపెట్టలేదు.

6. నిలకడ: గోడ దగ్గర నిలుచుండి, ఏమియు పట్టుకొనక, ఒంటికాలిమీద పది సెకనులు నిలువగలరేమో చూడుడు. నిలువలేనివానికి తడిగట్టుమీద కాలుజారు ప్రమాదమున్నది. వయసు మళ్లినవారికి పడుటయే పెద్ద జబ్బు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మన కనిగిరి జలాశయపు కట్టను తలచుకొనుడు. కట్ట పొడవునా ఎంత ఎత్తున్ననూ, ఒకచోట కుంగినచో నీరు ఆ మట్టము వరకే నిలుచును. ఎత్తుగానున్నచోట ఇంకను మట్టి పోసిన ప్రయోజనము లేదు. జింకు లోపించిన వరిచేనికి యూరియా ఎంత చల్లిననూ తెగులు తీరనట్లే, దమ్ము లేనివానికి కండ పెంచినంత మాత్రమున దమ్ము రాదు. ఏ అంగము కుంగినదో చూచి అచ్చటనే మట్టి పోయవలెను.

"మేము పొలము పని చేయుచునే యున్నాము గదా, ఇంకను వ్యాయామమెందుకు?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. అయితే పని మారినది. దున్నుట ట్రాక్టరు చేయుచున్నది, కోత యంత్రము కోయుచున్నది, పొలమునకు మోటారుసైకిలుపై పోవుచున్నాము. నాగలివెంట నడచినప్పటి దమ్ము ట్రాక్టరు సీటుమీద రాదు. అన్నము మాత్రము నాగలినాటి కొలతనే తినుచున్నాము. కావున మగవారిలో సాధారణముగా కుంగినవి దమ్ము, పాళ్లు.

నాట్లు వేయు స్త్రీల సంగతి వేరు. వారికి ఓర్పు పుష్కలము. కాని దినమంతయు ముందుకే వంగుదురు. వెనుకకు వంగు పని ఒక్కటియు లేదు. నడుము, మోకాళ్లు ముందుగా అరుగును. పైగా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది. రక్తము పలుచనైనచో ప్రాణవాయువు కండలకు అందదు, ఆయాసము కలుగును. అట్టివారికి "ఇంకను నడువుము" అని చెప్పుట తగదు. ముందు రక్తపరీక్ష, మందు, తిండి కావలెను. ఆకుకూర, పప్పు, గ్రుడ్డు ఇంటిలో చివర మిగిలినవారికి గాక అందరికిని సమముగా వడ్డింపవలెను.

చేయవలసినవి ఇవి:

– వడిగా నడచుట దినమునకు అరగంట, వారమునకు అయిదు దినములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవారికి వారమునకు 150 నుండి 300 నిమిషములు చెప్పినది. ఎండ ముదరకముందే కాలువకట్టమీద నడువుడు.

– వారమునకు రెండు దినములు కుర్చీలో కూర్చుండి లేచుట, గోడకు చేతులానించి నెట్టుట, పదేసి మార్లు, రెండు విడతలు.

– నాట్ల పనిలో గంటకొకమారు నిలువబడి, నడుముమీద చేతులుంచి, మెల్లగా అయిదారుమార్లు వెనుకకు వంగుట.

– బస్తా ఎత్తునప్పుడు మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టి, కాళ్ల బలముతో లేచుట. బరువుతో నడుము మెలిత్రిప్పరాదు.

– ప్రతి ఉదయము పళ్లు తోముకొనునపుడు ఒక్కొక్క కాలిమీద పది సెకనులు నిలుచుట. మొదట గోడ అందుబాటులో నుండవలెను.

రెండు నెలలు ఖాళీగా కూర్చుండి, ఒక్కసారిగా నాట్లలో దిగినవారికే నడుములు పట్టుచుండును. కావున పని మొదలగుటకు మూడు నాలుగు వారముల ముందే ఆరంభించి, కొద్దికొద్దిగా పెంచవలెను. నడచునపుడు రొమ్ము నొప్పి, కండ్లు తిరుగుట, మితిమీరిన ఆయాసము కలిగినచో వెంటనే ఆపి వైద్యునికి చూపుకొనుడు. 30 ఏండ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపుపోటు, చక్కెర తప్పక పరీక్ష చేయించుకొనవలెను.

రబీకి ముందు భూసార పరీక్షకు మట్టి తీయుదురు గదా. ఆ వారమే ఇంటిల్లిపాదికి ఈ పరీక్షలును చేసి, ఒక కాగితముమీద వ్రాసి గోడకంటింపుడు. మూడు నెలల తరువాత మరల చేసి, ఏది కుంగినదో ఏది లేచినదో మీరే పోల్చి చూచుకొనుడు.