డాకా రుసుము: మినహాయింపు ఎవరికి?

చిన్నతనంలోనే అమెరికా చేరి, సరైన కాగితాలు లేకుండా పెరిగిన యువత కోసం 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం డాకా పథకం ప్రకటించింది. రెండేళ్లపాటు దేశం నుంచి పంపేయరు, పని చేసుకోనిస్తారు; శాశ్వత హోదా మాత్రం ఇవ్వరు. మొదట్లో రుసుము 465 డాలర్లు. పొడిగింపు కావాలంటే మళ్లీ కట్టాల్సిందే.

మినహాయింపు దారి చాలా ఇరుకు. ఆదాయం పేదరిక రేఖకు ఒకటిన్నర రెట్లలోపు ఉండాలి. ఆపైన, పెద్దల అండలేని పద్దెనిమిదేళ్లలోపు పిల్లలో, తీవ్రమైన దీర్ఘకాలిక వైకల్యంతో తమను తాము చూసుకోలేనివారో, ఏడాదిలో 10,000 డాలర్ల వైద్యపు అప్పు పడ్డవారో అయ్యుండాలి. ఆ మినహాయింపు ముందు మంజూరయ్యాకే అసలు దరఖాస్తు. జబ్బుతో, అప్పుతో ఉన్నవాళ్లను రెండుసార్లు నిలబెట్టడం అన్యాయమనే నా అభిప్రాయం.

ఇక హెచ్‌-1బీ ఉద్యోగ వీసాపై వచ్చిన మన కుటుంబాల సంగతి. 2012 జూన్ 15న చట్టబద్ధ వీసాతో ఉన్న పిల్లలకు డాకా వర్తించదు, కాబట్టి ఈ రుసుము ప్రశ్నే రాదు.