తోలుగుడ్డు పెడుతోందా?

చేవెళ్ల, మొయినాబాద్ అక్కలూ, అన్నలూ, పొద్దున్నే కోళ్ల గంప ఎత్తితే గుడ్డు పెంకు లేకుండా మెత్తగా, వేలు ఆనిస్తే సొట్టపడేలా ఉందా? అదే తోలుగుడ్డు. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పకండి. పెంకంతా దాదాపు సున్నమే. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం, అది గట్టిపడడానికి 20 గంటలు కావాలి. నూకల్లో, జొన్నల్లో అంత కాల్షియం ఎక్కడిది? మన పక్కనే రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ రకం కోడి, నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది. దానికి కాల్షియం అవసరమూ ఎక్కువే. ఎండకు రొప్పినా పెంకు పలచబడుతుంది. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్ట ఒకటి రెండు ఇలా పెడితే కంగారు లేదు. ఆల్చిప్పల పొడి విడిగా ఓ చిప్పలో ఉంచండి, కోడి తనకు కావలసినంత తనే తింటుంది. గుడ్లు తగ్గి, కోళ్లు గురక పెడుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.