పోయినవారి పేరిట ఒక నీడ

 



బ్రతుకుదెరువు వెదకుకొనుచు ఈ రాయపూర్ నగరమునకు వచ్చిన మన పెద్దలు ఒక్కరొక్కరుగా వెళ్ళిపోవుచున్నారు. ఏటేటా వారి వర్ధంతినాడు పటమునకు దండ వేసి, పదిమందికి భోజనము పెట్టుచున్నాము. అది మంచిదే. కాని ఆ దండ మరునాటికి వాడిపోవును. పుట్టిన ఊరికి దూరముగా కన్నుమూసిన వారి జ్ఞాపకము ఈ నేలలో ఎట్లు వేరూనవలెనో మనము ఆలోచింపవలసియున్నది.

బిడ్డను పోగొట్టుకొన్న కిసాగోతమిని తథాగతుడు చావెరుగని ఇంటినుండి ఆవాలు తెమ్మని పంపిన కథ మనకందరకు తెలిసినదే. ఇల్లిల్లు తిరిగిన పిదప ఆమెకు తన శోకము తనదొక్కతెదే కాదని తెలిసినది. తన దుఃఖమును ఊరి దుఃఖములో చూచుట మొదటి మెట్టు. దానిని ఊరికి పనికివచ్చు కార్యముగా మార్చుట రెండవ మెట్టు.

ఈ రెండవ మెట్టు తెలుగువారికి క్రొత్త కాదు. క్రీస్తుశకము 3వ శతాబ్దమున నాగార్జునకొండలో ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనమున్నది. సింహళ విహారమున బోధివృక్ష ప్రాసాదమును, పూర్వశైలమున చెరువును ఆమె చేయించినది. ఆ పుణ్యమును తానొక్కతే ఉంచుకొనక తల్లిదండ్రులను, భర్తను, బంధువులను పేరుపేరున తలచి వారితో పంచుకొన్నది. అంతకు ముందే అశోకుడు బాటల వెంట బావులు త్రవ్వించి, చెట్లు నాటించి, మనుషులకును పశువులకును ఓషధులు పెంచిన సంగతి కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలపై చెక్కబడియున్నది.

మనమున్న ఈ దక్షిణ కోసలము చెప్పు పాఠము కూడ అదియే. మహానది ఒడ్డున నున్న సిర్పూర్‌లో భిక్షువు ఆనందప్రభుడు కట్టించిన విహారమును మనలో అనేకులు దర్శించియున్నారు. దానికి సమీపముననే ఇటుకలతో కట్టిన లక్ష్మణ దేవాలయమున్నది. రాణి వాసట తన భర్త హర్షగుప్తుని స్మృతికై దానిని నిర్మింపజేసినది. అది వైష్ణవాలయమే. అయినను మనము నేర్వదగిన విషయమొకటి అందున్నది. ఆమె గుడి కట్టించి ఊరకుండలేదు. దాని పోషణకై గ్రామములను కూడ ఇచ్చినది. కట్టుటకన్న కాపాడుట పెద్ద దానమని ఆమెకు తెలియును.

మొక్కల విషయమున మనము పట్టుకొనవలసినది ఈ మాటనే. వానకాలమున మొక్క నాటి ఛాయాచిత్రము తీయించుకొనుట సులభము. మే నెల ఎండలో దానికి నీరు మోయుట కష్టము. ఇక్కడివారు భాటా అని పిలుచు ఎర్రని గులక నేలలో నీరు నిలువదు. కావున వేసవిలోనే రెండడుగుల గుంట త్రవ్వి, చెరువుమట్టి, పశువుల ఎరువు నింపి, తొలకరి పడిన పిదప మొక్కను నాటవలెను. పశువులు మేయకుండ కంచె కట్టవలెను. వేప, కానుగ నీడనిచ్చును. ఇప్పపూవు ఈ ప్రాంతపు పేదలకు ఆహారము, ఆదాయము కూడ. రావిని మాత్రము గోడలకు దూరముగా నాటవలెను. దాని వేళ్ళు గోడలను చీల్చును.

అందుచే మన సంఘము తరఫున ఒక ప్రార్థన. ఆప్తులను కోల్పోయిన ప్రతి కుటుంబము ఒక చెట్టును చేపట్టవలెను. పేరు పలకను నాటిననాడు పెట్టవద్దు. మూడు వేసవులు గడచి చెట్టు తన కాళ్ళపై నిలిచిన పిదపనే పెట్టుదము. ఆ మూడేండ్ల సేవయే నిజమైన శ్రద్ధాంజలి. చోటు లేనివారు ఆదివారము ఉదయము వచ్చి ఇతరుల మొక్కలకు నీరు పోయవచ్చును. చెరువు గట్లు శుభ్రము చేయవచ్చును. పరుల ఆప్తుని చెట్టుకు పోసిన నీరు మన ఆప్తునికి చెందదా? పుణ్యము పంచుకొన్నకొలది పెరుగునదే కదా.

రేపు ఆ నీడన రిక్షావాడు సేద దీరును, బడిపిల్లలు ఆడుకొందురు. వారికి మన పెద్దల పేరు తెలియకపోవచ్చును. చల్లదనము మాత్రము తెలియును. అది చాలును.

సకల ప్రాణులకు మంగళమగుగాక.