ప్రేక్షకుని జమాఖర్చులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు పండుగనాడు గ్రంథములను గూర్చి ముచ్చటించుట ఆనవాయితీ. నేటి ప్రసంగమునకు విషయము గ్రంథము కాదు, బొమ్మ. డేరాలోని తెరమీది బొమ్మ, ఇంటిలోని పెట్టెలో బొమ్మ, అరచేతి ఫోనులో బొమ్మ. ఈ మూడింటిని చూచిన కన్నులు ఒక్కరివే. ఆయన డెబ్బది యేండ్లు దాటిన రైతు; ఈ గ్రంథాలయమునకు చిరకాలపు చందాదారుడు. పేరుతో పని లేదు కనుక ప్రేక్షకుడనియే పిలుచుట మేలు. సాయంకాలము పశువులకు మేత వేసి అరుగుమీద కూర్చున్నప్పుడు ఆయన తన జన్మలో చూచిన బొమ్మలకు ఒక లెక్క కట్టుకొనుచుండును. జమ యెంత, ఖర్చెంత, నిలువ యేమి? ఆ లెక్క ఇంకను తెగలేదు. తెగినంతవరకు సభవారికి విన్నవింపబడుచున్నది.

మొదటి పద్దు ‘లవకుశ’. ఆ చిత్రము 1963లో విడుదలయ్యెను. తెలుగులో మొదటినుండి తుదివరకు రంగులలో వెలువడిన తొలి చిత్రమది. పట్టణములకు బండ్లు కట్టుకొని జనము తరలిపోయిన వార్తలు పల్లెకు చేరెనే గాని, చిత్రము పల్లెదరికి చేరుటకు కొంతకాలము పట్టెను. నూర్పిళ్లు ముగిసిన పిదప పొరుగూరి దిబ్బమీద టూరింగు టాకీసువారి డేరా లేచెను. సందెవేళ మైకులో ఘంటసాలవారి వేంకటేశ్వర గీతము వినవచ్చెనా, చుట్టుపట్ల ఊళ్లలో అన్నము గిన్నెల చప్పుడు రెట్టింపగును. పాట ముగియులోపల గంజి త్రాగి దారి పట్టవలయును గదా.

ప్రేక్షకునికి అప్పటికి పదేండ్లు. వాని నాయనమ్మకు కన్నులు పొరలు కమ్మి చూపు ఆనకుండెను. గ్రుడ్డి ముసలమ్మకు సినిమా యెందుకని ఇంటివారు బండి యెక్కింపలేదు. ఆమె చక్రము పట్టుకొని నిలిచి, “కళ్లు లేకపోతేనేం, చెవులున్నాయి. మిగతాది వీడు చెబుతాడు” అని మనుమని చేయి పట్టుకొన్నది. ఆ విధముగా పదేండ్ల పిల్లవాడు నేల టిక్కెట్టులో, ఇసుక కుప్పమీద, ఒక ముసలిదానికి కన్నులై కూర్చుండెను.

వాడు చెప్పుచుండెను, ఆమె దిద్దుచుండెను. “గడ్డపాయన వచ్చాడు నాయనమ్మా” అన్నచో “వాల్మీకి అనరా” అని గద్దించును. “గుర్రం వచ్చింది” అన్నచో “నొసట పట్టం ఉందా, చూడు” అని అడుగును. ముందు వరుసవారు మొదట విసుగుకొనిరి. రీలు మార్చుటకు దీపములు వెలిగినప్పుడు వెనుదిరిగి, ముసలమ్మ కన్నులు చూచి, ఊరకుండిరి. ఆపైన పిల్లవాడు తడబడిన చోట వారే అందించిరి. సీతమ్మ అడవిలో దిగవిడువబడిన ఘట్టమున పిల్లవానికి గొంతు పెగలలేదు. అప్పుడు ప్రక్కనున్న తెలియని ఆసామి యెవరో ముసలమ్మ చెవిలో మెల్లగా చెప్పెను. అతని మోము ప్రేక్షకునికి నేటికిని జ్ఞాపకమున్నది. ఊరు పేరు తెలియదు. ఆ తెలియని మోమునే ఆయన జమలో మొదట వ్రాసికొనును.

ముసలమ్మకు అక్షరము రాదు. ఆమె దిద్దుబాట్లు ఎక్కడివో పిల్లవానికి అప్పుడు తోచలేదు. చాలయేండ్లకు ఈ గ్రంథాలయపు బీరువాలోనుండి కంకంటి పాపరాజుగారి ‘ఉత్తర రామాయణము’ తీసికొనిపోయి చదువుకొన్నప్పుడు తెలిసినది. హరికథలోనో, తోలుబొమ్మలాటలోనో విని ఆ కథను ఆమె కడుపులో పెట్టుకొని యున్నది. చూపు పోయిన పిదపను ఆ కథ పోలేదు.

మాళవికాగ్నిమిత్రమున కాళిదాసు నాట్యాచార్యుని నోట ఒక మాట పలికించెను. జనుల రుచులు వేరువేరైనను వారందరిని ఒక్కటిగా సంతోషపెట్టగలది నాట్యము అని దాని తాత్పర్యము. అంతకు పూర్వమే భరతుడు ప్రేక్షకులను గూర్చి లెక్క చెప్పియుండెను: పడుచువారికి శృంగారమును, శూరులకు యుద్ధమును, వృద్ధులకు ధర్మకథయు నచ్చునట. అందరును ఒకచోట కూర్చుండి, తమకు నచ్చిన ఘట్టము వచ్చువరకు ఇతరులకు నచ్చిన ఘట్టమును ఓర్చుకొనవలయును. ఓర్చుకొనుచు ఓర్చుకొనుచు దానియందును కొంత రుచి పుట్టును. కత్తియుద్ధము కొరకు వచ్చిన కుర్రవాడు పద్యము విని ఇంటికి పోవును. డేరాలో జరిగినది ఇదియే.

అయితే లెక్క యన్న తరువాత ఖర్చును కూడ వ్రాయవలయును. డేరాలో అందరును ఒక్కటిగా కూర్చుండిరని చెప్పుట అబద్ధము. ఆడువారొక ప్రక్క, మగవారొక ప్రక్క, నడుమ తడిక. కుర్చీ వేరు, బెంచీ వేరు, నేల వేరు. ఆ నేలమీదను దళితవాడవారు వచ్చి కూర్చున్నచో జరిగి కూర్చున్నవారు ఉండిరి. ఆ సంగతి ప్రేక్షకుడు కన్నులార చూచినదే. కోడలిని సినిమాకు పంపని అత్తలును ఉండిరి. వంటయింటి కిటికీలోనుండి మైకు పాట మాత్రము విని, చిత్రము చూచినట్లు భావించుకొన్న యిల్లాండ్రు ఎందరో. పాతకాలమును తలచుకొని కన్నీరు పెట్టుకొనువారు ఈ పద్దును దాచిపెట్టుట ప్రేక్షకునికి గిట్టదు. దొంగలెక్క యనును.

ఇక దూరదర్శనము. మన దేశమున అది 1959 సెప్టెంబరులో ఢిల్లీయందు ప్రయోగముగా మొదలైనను, పల్లెలకు అది వచ్చిన విధము వింత. 1975 ఆగస్టునుండి 1976 జులై వరకు ఒక సంవత్సరకాలము అమెరికావారి ఉపగ్రహమును అరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు బొమ్మను చూపిరి. అందు నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. ఊరికొక్క పెట్టె, బడిలోనో పంచాయతీ కచేరీలోనో దాని నివాసము, ప్రొద్దుట బడిపిల్లలకు, రాత్రి ఊరివారికి. కరెంటు లేని చోట్ల బ్యాటరీలతో నడిపిరి. సంవత్సరము తిరుగగానే అరువు తీరినది, ఉపగ్రహము పోయినది. పట్టణములలో పెక్కింటికి టెలివిజను రాకముందే అది వచ్చిపోయిన పల్లెలు ఉండెననిన నేటి పిల్లలు నమ్మరు.

1977లో హైదరాబాదు కేంద్రము వెలసెను. తరువాతి దశకమున రిలే కేంద్రములు పెరిగి, ఈ వైపు ఊళ్లలో ఇంటికప్పులమీద యాంటెన్నాలు మొలచెను. ఒకడు కప్పుమీద, ఒకడు గుమ్మమున, ఒకడు పెట్టె ఎదుట. “వచ్చిందా?” “గీతలొస్తున్నాయి, ఇంకొంచెం తిప్పు!” ఈ కేకలు వినని వీధి లేదు. శుక్రవారము చిత్రలహరి వేళకు వీధి నిర్మానుష్యమగుచుండెను. 1987 జనవరిలో ఆదివారముల రామాయణము మొదలైనప్పుడు అది హిందీలో నుండెను. ఊరిలో హిందీ వచ్చినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఒక్కరును అర్థము కాలేదనలేదు. తెలిసిన కథకు భాష అడ్డము రాదు కాబోలు.

పెట్టె ఉన్న యింట గది నిండిన పిదప పిల్లలు కిటికీ ఊచలు పట్టుకొని చూచిరి. కొందరు పిల్లలను గది ఖాళీగా నున్నను కిటికీ దాటి రానీయలేదు. ఈ పద్దుకు క్రొత్తగా పేరు పెట్టనక్కరలేదు. 1995లో ప్రైవేటు తెలుగు ఛానళ్లు వచ్చెను. కేబులు తీగ ప్రతి వాడకును ప్రాకెను. పెట్టెల ధర తగ్గెను. కిటికీ వెలుపలి పిల్లలు పెద్దవారై తమ యిండ్లలో తమ పెట్టెలు పెట్టుకొనిరి. ప్రేక్షకుడు దీనిని నిండు జమగా వ్రాయును. ఎవరి గుమ్మముకడను నిలువనక్కరలేకుండుట చిన్న లాభము కాదు.

ధారావాహికలన్నచో ఆయనకు అంత మన్నన లేదు. వానిలో వంటయిల్లుండును, పొగ యుండదు. పట్టుచీరతోనే నిద్ర, నగలతోనే రోదనము. నాట్లు లేవు, అప్పు లేదు, ఎరువుల బస్తా లేదు. 1939 నాటి ‘రైతుబిడ్డ’లోను, 1955 నాటి ‘రోజులు మారాయి’లోను దుక్కి దున్నువాడు కథకు నాయకుడు. ఇప్పటి ధారావాహికలో వాడు గుమ్మమువరకు వచ్చి, మంచినీళ్లు త్రాగి వెడలిపోవును. “మన బతుకు వాళ్లకి కథగా కనబడదేమో” అని ఆయన ఒకనాడనగా, ఇల్లాలు “మన బతుకు మనం రోజూ చూస్తూనే ఉన్నాం కదండీ, రాత్రి కూడా ఎందుకు?” అనెను. ఆ ప్రశ్నకు ఆయనకు నేటికిని సమాధానము దొరకలేదు.

ఆ యిల్లాలికే తరువాత నీటికాసుల వ్యాధి వచ్చెను. ఆ వ్యాధి చడీచప్పుడు లేక వచ్చి ప్రక్కచూపును ముందు తినివేయును. పోయిన చూపు తిరిగి రాదు. కనుగొనుటలో ఆలస్యమయ్యెను. ఆమెకు ఇప్పుడు వెలుగునీడల భేదము మాత్రము తెలియును. అయినను సాయంకాలము పెట్టె ఎదుట కూర్చుండుట మానలేదు. మాటలు వినును, కోడలు పప్పు రుబ్బుచునే బొమ్మ చెప్పును: “తలుపు దగ్గర నిలబడి వింటోందత్తయ్యా”, “ఉత్తరం చించేసింది”. కొన్నేండ్లు ఇట్లు సుఖముగా గడచెను.

2016 తరువాత ఫోనులో బొమ్మ చౌకయైనది. కోడలికొక ఫోను, కుమారునికొకటి, మనుమనికొకటి. ఎవరికి నచ్చినది వారికి. పెద్ద పెట్టె మూగవోయినది. ఒక రాత్రి ప్రేక్షకుడు పొలమునుండి వచ్చి చూచెను: ఒకే గదిలో నలుగురును కూర్చుండిరి. ముగ్గురి మోములమీద మూడు వెలుగులు. ముగ్గురి చెవులలోను తీగలు. నాలుగవ మనిషి చేతులు ఒడిలో పెట్టుకొని, శబ్దము వచ్చువైపు తల త్రిప్పుటకు శబ్దమే లేక, గోడవైపు మోము పెట్టి కూర్చుండెను. ఎవరును ఆమెను తిట్టలేదు, కొట్టలేదు, ఆకలితో ఉంచలేదు. బొమ్మ పోయిన కంటికి ఇంతకాలము మిగిలిన చెవి కూడ ఆ రాత్రి పోయినది, అంతే.

డేరాలో వెలివేయబడినవారికి తడిక కనబడుచుండెను. కిటికీ వెలుపలివారికి ఊచలు కనబడుచుండెను. ఈ తడిక యెవరికిని కనబడదు. ప్రేక్షకునికి ఖర్చులో వ్రాయుటకు మాట దొరకని పద్దు ఇదియే.

1957 నాటి ‘మాయాబజార్’ చూడనివారు ఈ సభలో ఉండరు. శశిరేఖకు లభించిన ప్రియదర్శిని పేటికను తలచుకొనుడు. మూత తెరచి చూచినవారికి వారికి ప్రియమైనది అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరామునికి దుర్యోధనుడు. నాడది మాయ; నేడు జేబులో నున్నది. చూచినదానిని గుర్తుంచుకొని అట్టిదానినే మరల మరల ముందునకు త్రోయు యంత్రము అది. మనుమనికి క్రికెట్టు, కోడలికి చీరలు, కుమారునికి రాజకీయపు తగవులు. ఒకరి పేటికలో ఏమున్నదో ఒకరికి తెలియదు. కాళిదాసుచే పొగడబడిన నాట్యమునకు ఇది సరిగా తలక్రిందులు: రుచులు వేరు, బొమ్మలును వేరే.

అట్లని ప్రేక్షకుడు ఫోనును పారవేయుమనలేదు. తన ఫోనులోనే ధాన్యపు ధర చూచుకొనును, పాత నాటకపు పద్యములు వినును. దళితవాడ కుర్రవాడు ఎవరి కిటికీయు పట్టుకొనక పరీక్షల పాఠములు అందులోనే విని ఉద్యోగము సంపాదించుకొన్న సంగతి ఆయన లెక్కలో జమవైపున పెద్ద అక్షరములతో నున్నది. గ్రంథాలయమునకు వచ్చి పత్రిక చదువువారు తగ్గిరని కార్యదర్శిగారు నిట్టూర్చినప్పుడు కూడ ఆయన పెద్దగా వంత పాడలేదు. ఆయన దిగులు చదువరుల సంఖ్య గూర్చి కాదు. ఒకడు చదివినదానిని ఇంకొకనికి చెప్పుట గూర్చి.

మొన్నటి ఆదివారము పెద్ద పెట్టెలో ‘మాయాబజార్’ వచ్చుచుండగా ఆయన ధ్వని పెంచి, ఇల్లాలి ప్రక్కన పీట వేసికొని కూర్చుండెను. అరువది యేండ్ల క్రిందట విడిచిన పని మరల చేతికెత్తుకొనెను. మొదట సిగ్గుపడెను, మాట సాగలేదు. పిల్లవానికున్న వేగము ముసలివానికి లేదు. ఈయన ఒక బొమ్మ చెప్పులోపల రెండు బొమ్మలు దాటిపోవుచుండెను. ఆమె నవ్వి, “అంత తొందరెందుకండీ, నాకు తెలిసిన కథే కదా. మనుషుల మొహాలెలా ఉన్నాయో అవి చెప్పండి” అనెను. అటుపిమ్మట పని సులువయ్యెను.

పేటిక ఘట్టము వచ్చెను. శశిరేఖ మోము చెప్పెను, రేవతి మోము చెప్పెను, బలరాముని మోము చెప్పెను.

“మరి కృష్ణుడికి ఎవరు కనబడ్డారు?” అని ఆమె అడిగెను. మరచియా, పరీక్షించుటకా, తెలియదు.

“శకుని” అని ఆయన చెప్పెను.

గది మూలనున్న మనుమడు ఒక చెవిలోని తీగ తీసి ఇటు తిరిగెను. “శకునా? కృష్ణుడికి శకుని అంటే ఇష్టమేంటి తాతయ్యా?”

ఆయన సమాధానము చెప్పబోయెను. ఆమె భర్త మోకాలిమీద చేయి వేసి ఆపి, “నువ్విట్లా వచ్చి కూర్చోరా, నేను చెబుతా” అనెను.