ఋతుదర్శనము



ఏ పూజకైనను ముందు మనము సంకల్పము చెప్పుకొంటాము. దేశమును స్మరిస్తాము, కాలమును స్మరిస్తాము. కృష్ణా గోదావరుల మధ్యదేశములో ఉన్నామని చెప్పి, ఏ సంవత్సరమో, ఏ అయనమో, ఏ ఋతువో, ఏ మాసమో, ఏ తిథియో చెప్పిన తరువాత గదా మన గోత్రనామములు చెప్పుకొనేది! తిథి తెలియుటకు పంచాంగము కావలెను. వారము తెలియుటకు గోడమీది క్యాలెండరు చాలును. మరి ఋతువు తెలియుటకు ఏమి కావలెను? పురోహితుడు వసంత ఋతువని పలికించగా మనమూ పలుకుతున్నాము. పలికిన ఆ ఉదయమున వసంతమును కన్నులతో చూచినవారము మనలో ఎందరము? ఈ ప్రశ్నను ఈనాడు మీ ముందును, మా ముందును కూడ ఉంచదలచినాము.

శ్రీమద్రామాయణములో, కిష్కింధాకాండలో, ఈ ప్రశ్నకు సంబంధించిన కథ ఒకటి ఉన్నది. వాలివధ జరిగినది. సుగ్రీవుడు రాజైనాడు. వానలు తగ్గిన పిమ్మట సీతాన్వేషణము జరుగవలెనని నిర్ణయము. శ్రీరాముడు తమ్మునితో కూడ ప్రస్రవణగిరిమీద ఒక గుహలో నివసించినాడు. కొండమీద ఉన్నవాడు గనుక ప్రతి మేఘమును చూచినాడు, ప్రతి వాననీటి పాయను చూచినాడు. వానలు వెలిసినవి. ఆకాశము తేటపడినది. ఏటి నీరు తగ్గి ఇసుకతిన్నెలు బయటపడినవి. సప్తచ్ఛదవృక్షములు పూచినవి. శరత్తు వచ్చినదని రామునికి ఎవరును చెప్పలేదు. చూచినాడు, తెలిసికొన్నాడు.

సుగ్రీవుడు మాత్రము రాజభవనములో ఉన్నాడు. అతడు ద్రోహి కాడు, కృతఘ్నుడు కావలెనని అనుకొన్నవాడును కాడు. భోగములలో మునిగి బయటికి చూడలేదు, అంతే. లక్ష్మణుడు కోపముతో కిష్కింధ వాకిటికి వచ్చినపుడు గాని అతనికి మెలకువ రాలేదు. అప్పుడు హనుమంతుడు ఏమి చెప్పినాడు? శరత్తు వచ్చినదనియు, సప్తచ్ఛదములు పూచి ఉన్నవనియు, మత్తులో ఉండి కాలమును గుర్తింపలేదనియు చెప్పినాడు. ధర్మశాస్త్రము చెప్పవలసిన చోట మహామంత్రి ఒక చెట్టు పూతను చూపించినాడు! సుగ్రీవునికి ఋతువు కనబడకపోవుటయు, ఇచ్చిన మాట మరపునకు వచ్చుటయు వేరువేరు తప్పులు కావు. రెండును ఒకటే తప్పు. కిష్కింధ గుహలో ఉన్న నగరమని వాల్మీకి మహర్షి వర్ణించినాడు. తలుపులు బిగించి, శీతల యంత్రములు పెట్టుకొని నివసించే మన అపార్టుమెంట్లు అంతకన్న వేరుగా ఉన్నవా?

మన హైదరాబాదు నగరమునే తీసికొందాము. ఇక్కడ ఋతువులు రావడము మానినవా? లేదు. మాఘమాసములో మామిడి పూత పూయును. ఫాల్గుణములో నగరము దాటి వికారాబాదు వైపు పోయినవారికి ఆకులు లేని మోదుగ కొమ్మలు నిప్పురంగు పూలతో కనబడును. చైత్రము నాటికి వీధిలోని కానుగ పాత ఆకు రాల్చి లేత పచ్చని చిగురు తొడుగును. రావి చిగురు రాగిరేకు వలె మెరయును. వేపపూత సన్నని తెల్లని రవ్వలై నేలమీద రాలును. కోయిల కూత మనము మేల్కొనక ముందే మొదలగును.

ఎండలు ముదిరినపుడు రేలపూలు బంగారు గుత్తులై వ్రేలాడును. తురాయి చెట్టు ఎర్రబడును. రోడ్డు ప్రక్కన తాటిముంజలు అమ్ముదురు. రోహిణికార్తెలో రోళ్లు పగులునని సామెత. ఆ పగిలే ఎండలోనే వేపపండ్లు పసుపు రంగు తిరిగి రాలుచుండును. జూన్ మొదటి పక్షములో మృగశిర వచ్చును. తొలి పెద్దవాన కురిసిన రాత్రి దీపముల చుట్టు ఉసిళ్లు మూగును. ఆ తరువాత ఎర్రని పట్టుగుడ్డ ముక్క వంటి ఆరుద్ర పురుగు తడినేలమీద నడుచును. అయితే అది మట్టిలో బ్రతికే ప్రాణి. వాకిలంతయు సిమెంటు పరచుకొన్న ఇంటికి అది ఎక్కడినుండి వచ్చును? ఆ పురుగు కనబడలేదంటే మన వాకిట మట్టి లేదని అర్థము.

భాద్రపద ఆశ్వయుజములలో తంగేడు పూచును, గునుగు కంకులు వేయును. ఆ పూలతోనే మన ఆడపడుచులు బతుకమ్మను పేర్చి, చెరువు నిండిన కాలమున చెరువులోనే సాగనంపుదురు. పూవు, నీరు, పండుగ మూడును ఒకే ఋతువు బిడ్డలు. దసరా వెళ్లిన తరువాత సాయంకాలము వీధిలో నడుచునపుడు ఘాటైన పూలవాసన ఒకటి ముక్కుకు తగులును. కొందరికి తలనొప్పి తెచ్చునంతటి వాసన అది. ఆ చెట్టు ఏదో తెలియునా? మనవారు ఏడాకుల పాల అనేది, నగరపు రోడ్ల ప్రక్కన వరుసగా నాటినది. అదియే సప్తచ్ఛదము! హనుమంతుడు సుగ్రీవునికి చూపించిన పూత మన బస్సు స్టాపు దగ్గర పూచుచున్నది. మనము ముక్కు మూసుకొని బస్సు ఎక్కుచున్నాము.

పండుగను ఋతువునుండి విడిపోనీయరాదని మన పెద్దలు ఎంత శ్రమపడినారో ఆలోచించండి. పండ్రెండు చాంద్రమాసములు కలిపితే ఇంచుమించు 354 దినములు. సౌర సంవత్సరము 365 దినముల పైచిలుకు. ఏటికి పదకొండు దినముల తేడా. దానిని సవరింపకపోతే పదహారేండ్లలో మన ఉగాది వేపపూతను విడిచి శరత్తులోనికి జారిపోవును. అట్లు జరుగకుండ, సుమారు 32, 33 నెలలకు ఒకసారి అధికమాసమును చేర్చి పంచాంగమును ఋతువుతో కట్టివేసినారు. 2023లో శ్రావణము రెండు మార్లు వచ్చినది అందుకే. పండుగనాటికి పూవు ఉండవలెనని ఇంత గణితము చేసిన వారి సంతానము, చెట్టుమీది పూవును తల ఎత్తి చూడకపోవుట న్యాయమా?

ఇతరులను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. మా సంగతియే చెప్పుకొంటాము. 2019లో వికారి నామ సంవత్సర ఉగాదినాడు మేము ఒక ఆలయ మండపములో షడ్రుచులను గూర్చి ఒక గంటసేపు ప్రసంగించినాము. చేదును కూడ ప్రసాదముగా స్వీకరింపవలెనని చెప్పినాము. ప్రసాదము పంచునపుడు ఎనిమిదేండ్ల బాలుడొకడు, “తాతగారూ, ఈ పూవు ఏ చెట్టుది? ఎక్కడున్నది?” అని అడిగినాడు. పూవు అంగడిలో పొట్లముగా కొన్నది. బజారునుండి తెచ్చినామని జవాబిచ్చినాము. తీరా బయటికి వచ్చి చూతుము గదా, మా చెప్పులనిండ వేపపూత రాలి ఉన్నది! ఆలయపు ప్రహరీగోడ వెనుకనే పెద్ద వేపచెట్టు. ఎన్నో ఏండ్లుగా దాని నీడలోనే చెప్పులు విడిచినాము. ఒకనాడును తల ఎత్తలేదు. నాడు ఆ బాలునిచేత చెట్టును తాకించినాము. నిజమునకు వాడే మాకు చూపించినాడు.

ఆ దినమునుండి ఆ చెట్టును రోజూ చూచుట అలవాటు చేసికొన్నాము. అందువలననే 2021లో దాని కొమ్మలు చివరలనుండి గోధుమరంగు తిరుగుట తొలినాళ్లలోనే కనిపెట్టగలిగినాము. ఆ యేడు తెలంగాణమంతట వేపచెట్లు అట్లే ఎండినవి. శిలీంధ్రమువలన కలిగే కొమ్మఎండు తెగులని శాస్త్రజ్ఞులు చెప్పినారు. శీతకాలము నాటికి మా చెట్టు నిలువున మాడినట్లు అగుపించినది. చచ్చిన చెట్టు గోడమీద పడునని, కొట్టివేయవలెనని పెద్దలు కొందరు నిర్ణయించినారు. మాకును ఆశ లేదు. ఆలయము ముందు పూలమ్మే వృద్ధురాలు మాత్రము కాండముపై గోరుతో గీసి చూపినది. “జర ఆగుండ్రి అయ్యగారూ, లోపల పచ్చిగనే ఉన్నది. చైత్రము దాక చూడుండ్రి” అన్నది. లోపల నిజముగనే పచ్చగా ఉన్నది. ఆ మాటమీద ఆగినాము. 2022 ఏప్రిల్ 2న శుభకృత్ ఉగాది. నాటికి పూత లేదు గాని, సగము కొమ్మలకు ఎర్రని లేత చిగురు వచ్చినది. ఆ యేటి పచ్చడిలోనికి వేపపూతను వేరొక చెట్టునుండి తెచ్చుకొన్నాము. ఎక్కడి చెట్టో మాకు తెలిసియే తెచ్చుకొన్నాము. ఆమెకు పంచాంగము చదువరాదు. అయినను ఆ వాకిట హనుమంతుని పని చేసినది ఆ తల్లియే.

ఋతువు గుర్తుకు వచ్చినపుడు దానితో కూడ ఒక బాకీ గుర్తుకు వచ్చును. ఎండను చూచినవానికి దప్పిక గొన్న మనిషియు, పిట్టయు గుర్తుకు రావలెను. వాకిట నీరు పెట్టవలెను. తొలివానను చూచినవానికి చెరువు గుర్తుకు రావలెను. దానిలో చెత్త వేయు చేయి ఆగవలెను. దసరానాడు పాలపిట్టను చూడవలెనని ఆచారము. వాన వెలిసిన ఆకాశములో, పొలము గట్టున, స్వేచ్ఛగా ఎగిరే పిట్టను చూచుటకు ఊరు దాటి పోవుటయే ఆ ఆచారము. ఈనాడు కొందరు దానిని పట్టి, పంజరములో పెట్టి, వాకిళ్లకు తెచ్చి డబ్బు తీసికొని చూపుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. నేరమన్న మాట అటుంచండి. కూర్చున్న పాలపిట్ట మట్టిరంగు పిట్టయే. రెక్క విప్పినపుడు గాని ఆ నీలము కనబడదు. పంజరములో మనము చూచుచున్నది ఏమి? డబ్బు ఇవ్వకండి, తల త్రిప్పుకొని వచ్చివేయండి. అదియే ఆ పిట్టకు చేయు నమస్కారము.

భగవద్గీత పదవ అధ్యాయములో శ్రీకృష్ణ పరమాత్మ తన విభూతులను చెప్పుచు, ఋతువులలో తాను వసంతమునని చెప్పినాడు. మనము వాకిలి దాటకముందే స్వామి వాకిటికి వచ్చి నిలిచి ఉన్నాడన్న మాట.

కనుక ఈ సంవత్సరము ఒక చిన్న నియమము పాటింపవలెనని మీ అందరిని ప్రార్థిస్తున్నాము. మీ ఇంటినుండి ఆలయమునకు వచ్చు దారిలో ఒక చెట్టును ఎన్నుకొనండి. ఒక్కటి చాలును. దాని పేరు పెద్దలనడిగి తెలిసికొనండి. రోజూ ఒక నిమిషము నిలిచి చూడండి. ఆకు రాలిన దినము, చిగురు తొడిగిన దినము, పూచిన దినము, క్రొత్త పిట్ట వచ్చి వాలిన దినము ఇంటి పంచాంగములో ఆ తిథి ప్రక్కన వ్రాసి పెట్టండి. ఆ వ్రాత పిల్లలచేత వ్రాయించండి. మరుసటి ఉగాదికి సంకల్పములో ఋతువు పేరు వచ్చినపుడు మీ నోటితోబాటు మీ కన్నులును ఆ మాట పలుకును.

లక్ష్మణుడు వాకిటికి వచ్చువరకు ఆగవలసిన పని లేదు. ఏడాకుల పాల పూచినది. తలుపు తీసి చూతము.

స్వస్తి.