పాత కెమెరా - క్రొత్త చేతులు

ఫోనులో తీసిన బొమ్మ చెడినచో ఆ క్షణమే తెలియును, మరియొకటి తీసికొందుము. ఫిల్ము అట్లు గాదు. చుట్టను కడిగించువరకు కెమెరాలోని లోపము దాగియుండును. అప్పటికి పెండ్లిపందిరి విప్పివేసియుందురు. ఊరినుండి వచ్చిన తాతగారు తిరుగు రైలెక్కియుందురు. కనుక పాత ఫిల్ము కెమెరాను తొలిసారి కొనునపుడు మనము చూడవలసినది దాని పేరును గాదు, పనిని.

మొదట నేర్చువారికి యాంత్రికమైన షట్టరుగల 35 మిల్లీమీటర్ల కెమెరా మేలు. 1976 నుండి 1997 వరకు తయారైన పెంటాక్స్ కె1000 ఇందుకు చక్కని ఉదాహరణము. అందులో బ్యాటరీ కాంతిమాపకమునకు మాత్రమే. అది అయిపోయినను షట్టరు పనిచేయును. 100 వేగముగల ఫిల్ము వేసి, మంచి యెండలో ఎపెర్చరును 16 అంకెపై నుంచి, షట్టరును సెకండులో 125వ వంతునకు అమర్చినచో బొమ్మ చక్కగానే వచ్చును.

ఇక పరీక్ష. ఫిల్ము లేని కెమెరా వెనుక తలుపు తెరచి, వెలుతురు వైపు పట్టి మీట నొక్కుదము. ఒక సెకండు అంకెపై షట్టరు ఒక సెకండు తెరచియుండవలెను. నడుమ చిక్కుకొనినచో లోపలి నూనె గట్టిపడియుండవచ్చును. వేయవ వంతు వద్ద చట్రమంతయు సమముగా మెరయవలెను. ఒక ప్రక్క చీకటి కనబడినచో బొమ్మలోను ఆ ప్రక్క నల్లబడును.

తరువాత లెన్సు. ఎపెర్చరును పూర్తిగా తెరచి, ఒకవైపునుండి టార్చిలైటు వేసి చూతము. రెండు మూడు ధూళికణములవలన భయము లేదు. సాలెపోగులవలె అల్లుకొనిన బూజు మాత్రము ప్రమాదము. సముద్రతీరపు తేమలో అది సులభముగా పెరుగును. పైన పటారము, లోన లొటారము అను మాట ఇచ్చట అక్షరాల నిజము.

తలుపు అంచు గాడులలోని నల్లని స్పాంజి పట్టీలు జిగురుగా మారినచో వెలుతురు లోనికి చొరబడును. అయితే ఇది కొద్ది ఖర్చుతో సరిచేయదగిన లోపమే. బేరమాడుటకు మనకు ఉపయోగపడును గాని, కెమెరాను వదలుకొనుటకు కారణము గాదు.

ఇన్ని చూచినను తుది తీర్పు ఫిల్ముదే. నచ్చనిచో తిరిగి యిచ్చుటకు కొన్ని దినముల గడువు అమ్మువారిని ముందే అడుగుదము. ఆ గడువులో ఒక చుట్ట వేసి, ఇంటి పెరటిలోనో వీధిలోనో వేర్వేరు వేగములతో తీసి కడిగింతము. నెగెటివుపై బొమ్మలు ఒకదానిపై ఒకటి పడినచో ఫిల్మును జరుపు యంత్రము సరిగా లేదు. అంచులనుండి నల్లని చారలు లోనికి ప్రాకినచో వెలుతురు చొరబడుచున్నది.

ఆ చుట్ట ఖర్చును కెమెరా వెలలో భాగముగనే లెక్కింతము. పరీక్షింపని కెమెరాతో ఇంటి శుభకార్యమునకు పోరాదు. మరల రాని దినమును నమ్మకము లేని యంత్రమునకు అప్పగింపరాదు గదా!