తాతగారి పేము కుర్చీ

పేము తెగినంత మాత్రమున తాతగారి టేకు కుర్చీని మనము అటుకెక్కింతుము. అది తగదు. పూర్వము కీళ్లకు సాధారణముగ చర్మముల నుండి తీసిన బంకను వాడెడివారు. వేడికి, తడికి అది మెత్తబడును. కనుక చట్రమును విరుగకుండ విడదీసి మరల బిగింపవచ్చును. మేకులు దింపినచో కొయ్య చీలును.

పేమును నీట నానబెట్టి, చట్రపు రంధ్రముల గుండ నిలువు రెండు, అడ్డము రెండు, ఐమూల రెండు వరుసలుగా అల్లింపవలెను. ఆరిన కొలది అల్లిక బిగియును. పిదప లక్కను స్పిరిటులో కరగించి పలుచగా పూయింపవలెను.

అయితే చేతిపట్టులకు మాత్రము చిత్రిక పట్టింపరాదు. పెద్దల అరచేతుల రాపిడిచే ఏర్పడిన ఆ నునుపు ఒకసారి పోయినచో, ఏ వడ్రంగియు తిరిగి తేలేడు. మనుమలు అచ్చటనే చేయి మోపి కూర్చుండవలెననియే గదా మన యీ శ్రమ!